గోడమీది వంశవృక్షము: సెర్బియా నెమాన్యిచ్ రాజులు

వంశవృక్షమును రేడియోలో వినిపించుటకంటె కష్టమైన పని మా వృత్తిలో మరియొకటి లేదేమో! కాగితముమీద గీసి చూపినచో క్షణములో తెలియు సంగతి, నోటితో చెప్పబోయినచో ‘ఆయన కుమారుడు, ఆ కుమారుని తమ్ముడు, ఆ తమ్ముని కుమారుడు’ అని చిక్కుపడిపోవును. అందులోను మేము ఈ ప్రసంగమునకు ఎన్నుకొన్న వంశమున సింహాసన మెక్కిన ప్రతివానికిని స్టెఫాన్ అనియే పేరు. గ్రీకు భాషలో ఆ మాటకు కిరీటమని అర్థము. కనుక అది పేరు కొంత, బిరుదము కొంత. ఓపిక గల శ్రోతలు ఒక పెన్సిలును, కాగితమును దగ్గర నుంచుకొనవలెనని మనవి.

ఐరోపా ఖండమునకు ఆగ్నేయమున బాల్కన్ ద్వీపకల్పము కలదు. ఆరవ, ఏడవ శతాబ్దులలో ఉత్తరమునుండి దిగివచ్చి అచ్చట నివాస మేర్పరచుకొన్న స్లావు జాతులలో సెర్బులు ఒకరు. వారిని 12వ శతాబ్ది ఉత్తరార్ధమునుండి 1371 వరకు, సుమారు రెండువందల యేండ్లు, ఒకే కుటుంబము పాలించినది. మూలపురుషుడు స్టెఫాన్ నెమాన్యా. ఆయన సంతతివారు నెమాన్యిచ్‌లు. మనము ఇంటిపేరు చివర ‘వారు’ అని చేర్చినట్లు వారు ‘ఇచ్’ అని చేర్చుదురు.

నేటి కొసొవోలో, పడమటి కొండల పాదమున, దెచానీ అను క్రైస్తవ మఠ మున్నది. ఆ దేవాలయపు లోగోడమీద ఈ వంశమంతయు ఒక ద్రాక్షతీగెగా చిత్రింపబడినది. అడుగున నెమాన్యా నిలిచియుండును. ఆయననుండి తీగె పైకి పాకును. మెలిక మెలికకు ఒక రాజో, రాకుమారుడో, మఠాధిపతియో కనిపించును. కొనకొమ్మన, ఈ చిత్రము వ్రాయబడిన కాలమున సింహాసనమున నున్న స్టెఫాన్ దుషాన్ ఉన్నాడు. ఆ పైన క్రీస్తు ఆశీర్వదించుచుండగా దేవదూతలు రాజచిహ్నములను తెచ్చుచుందురు. సెర్బులు ఈ చిత్రమును ‘లోజా’ అందురు. ద్రాక్షతీగె అనియే దాని అర్థము. దావీదు తండ్రియైన యెష్షయినుండి క్రీస్తువరకు గల వంశక్రమమును చెట్టుగా చిత్రించు ఆచారము క్రైస్తవ దేశములలో అంతకుముందే కలదు. దానినే సెర్బు రాజులు తమ కుటుంబమునకు అన్వయించుకొనిరి.

వారికి ఈ ఊహ తొలినుండియు లేదు. 13వ శతాబ్దిలో కట్టిన మిలెషెవా మఠమున నెమాన్యిచ్‌లు ఒకరి ప్రక్క నొకరు వరుసగా నిలిచియుందురు. 1321 ప్రాంతమున గ్రచానిత్సా దేవాలయమునందు మొదటిసారిగా వరుస పోయి తీగె వచ్చినది. ఈ మార్పు చిన్నది కాదని మా అభిప్రాయము. వరుసలో నిలిచినవారిని చూచినచో, వీరిలో ఎవరు ఎవరిని త్రోసి ముందునకు వచ్చిరని అడుగవచ్చును. తీగెను చూచి ఎవరును అట్లడుగరు. తీగె తనంతట తాను పెరుగును. ఒక కణుపు మరియొక కణుపుతో పోట్లాడదు. నెమాన్యిచ్‌ల చరిత్రలో కణుపు కణుపునకు పోట్లాటయే. ఆ సంగతి చెప్పుటకే ఈ ప్రసంగము.

వేరునుండి మొదలుపెట్టుదము. నెమాన్యా తండ్రి యెవరు? 14వ శతాబ్ది చివరను, 15వ శతాబ్దిలోను వ్రాసిన సెర్బు వంశావళులు దీనికి గంభీరమైన సమాధానము నిచ్చుచున్నవి. రోము చక్రవర్తి కాన్‌స్టాంటైన్ తన చెల్లెలు కాన్‌స్టాన్షియాను లిసీనియస్‌కు ఇచ్చి వివాహము చేసెనట. వారి కుమారుడు బేల ఊరోష్, అతని కుమారుడు తెహోమిల్, అతని కుమారుడు నెమాన్యా అట! ఆ వివాహము జరిగిన మాట నిజమే. కాని లిసీనియస్ తన బావమరది చేతిలో ఓడి 325లో చంపబడినాడు. నెమాన్యా పుట్టినది సంప్రదాయము ప్రకారము 1113లో. ఎనిమిదివందల యేండ్ల కాలమునకు మధ్య ఉన్నవారు ఇద్దరే. ఒక్కొక్కరు ఎన్ని వందల యేండ్లు బ్రతికినారో లెక్క వేయుట శ్రోతలకే వదలుచున్నాము.

దీనిని చూచి మనము నవ్వనక్కరలేదు. మన తూర్పు చాళుక్యుల తామ్రశాసనములను చూడుడు. చాలకాలము అవి కుబ్జవిష్ణువర్ధనునితో మొదలిడి, ఎవరు ఎన్ని యేండ్లు ఏలిరో గుమాస్తా లెక్కవలె చెప్పుచు వచ్చినవి. 11వ శతాబ్ది ఆరంభమున విమలాదిత్యుని రణస్తిపూండి శాసనమునాటికి వంశము చంద్రునివరకు పోయినది. రాజ్యము పెద్దదైనకొలది, లేక పెద్దదని చెప్పుకొనవలసిన అవసరము కలిగినకొలది, పూర్వులు పెరుగుదురు.

నెమాన్యా తండ్రి పేరును నిలిపినది ఆ గ్రంథములు కావు, ఒక రాతి శాసనము. నేటి మాంటినీగ్రోలో లిమ్ నదీతీరమునగల బియెలో పోల్యె పట్టణమున ఒక దేవాలయ మున్నది. దానిని కట్టించినవాడు హూమ్ దేశపు ప్రభువు మిరోస్లావ్. ఆయన తన్ను ‘జావిదా కుమారుడ’ నని ఆ శాసనమున చెప్పుకొన్నాడు. మిరోస్లావ్ నెమాన్యాకు తోడబుట్టినవాడని ఇతర ఆధారములవలన తెలియుచున్నది. కనుక నెమాన్యా తండ్రియు జావిదాయే. లిసీనియస్ లేడు, తెహోమిల్ లేడు. వంశచరిత్ర శోధించువారి పని ఇట్లుండును. పెద్ద పుస్తకము చెప్పనిదానిని ఒక్కొక్కప్పుడు అన్న గుడిమీది ఒక్క పలుకు చెప్పును.

నెమాన్యా కడగొట్టువాడు. అన్నలను త్రోసి రాజ్యమునకు వచ్చినాడు. పెద్దయన్న తిహోమిర్ పాంతినో యొద్ద జరిగిన యుద్ధమున ఓడి, సిత్నిత్సా నదిలో మునిగి మరణించెను. ఈ నెమాన్యా జీవితమును ఆయన ఇద్దరు కుమారులు వేరువేరుగా వ్రాసిరి. సన్యసించిన సావా వ్రాసిన జీవితమున అన్నదమ్ముల కలహము ప్రసక్తియే లేదు. సింహాసన మెక్కిన స్టెఫాన్ వ్రాసిన జీవితమున అన్నలు తమ్ముని గుహలో బంధించుట, సెయింట్ జార్జి అనుగ్రహమున ఆతడు బయటపడుట, తరువాతి యుద్ధము, అన్నియు కలవు. కాని అన్నల పేర్లు మాత్రము లేవు. ఒకరు కథను విడిచిరి, ఒకరు పేర్లను విడిచిరి. ఇద్దరును ఒకే తండ్రి బిడ్డలే.

ఆ కాలమున బాల్కన్‌లో సార్వభౌముడు కాన్‌స్టాంటినోపుల్‌లోని బైజాంటియము చక్రవర్తి. 1172లో చక్రవర్తి మాన్యుయల్‌కు ఓడిన నెమాన్యా మెడలో త్రాడుతో, బోడితలతో, చెప్పులు లేని కాళ్లతో ఆయన యెదుటికి పోయి తన కత్తి నప్పగించెను. తరువాత రాజధానికి తీసికొనిపోగా అచ్చటి గోడలమీద తన పరాజయమునే చిత్రములుగా చూడవలసివచ్చినదని తెస్సలొనీకా బిషప్పు యూస్టాతియస్ వర్ణించినాడు. గోడమీది బొమ్మకు ఎంత బలమున్నదో ఈ కుటుంబము ఆనాడే తెలిసికొన్నదని మాకు తోచును.

1196లో నెమాన్యా రాజ్యమును విడిచి సిమియోన్ అను పేరుతో సన్యాసియైనాడు. పెద్దకుమారుడు వూకాన్ ఉండగా రెండవవాడైన స్టెఫాన్‌కు రాజ్య మిచ్చినాడు. కారణము చెప్పుట కష్టము కాదు. స్టెఫాన్ భార్య యెవ్‌దొకియా తండ్రి అలెక్సియస్ అంతకు ముందటి యేడే బైజాంటియమున చక్రవర్తియైనాడు. తండ్రి 1199లో ఆథోస్ పర్వతమున మరణించెను. 1202లో వూకాన్ హంగెరీ సహాయముతో తమ్ముని వెడలగొట్టెను. రెండు మూడేండ్లకు తమ్ముడు మరల వచ్చెను. అప్పుడు మూడవవాడైన సావా తండ్రి అస్థికలను ఆథోస్‌నుండి స్టూదెనిత్సా మఠమునకు తెచ్చి, వానియెదుట అన్నదమ్ములను కలిపినాడని వారి గ్రంథములు చెప్పుచున్నవి. 1217లో పోపు మూడవ హొనోరియస్ పంపిన కిరీటముతో స్టెఫాన్ రాజైనాడు. అందుచేత ‘తొలి కిరీటధారి’ అని ప్రసిద్ధి. 1219లో సావా సెర్బుల స్వతంత్ర ధర్మపీఠమునకు మొదటి ఆర్చిబిషప్పయినాడు. సింహాసనమును, పీఠమును రెండును ఇంటిలోనే ఉన్నవి.

ఇక్కడినుండి శ్రోతలు పెన్సిలు పట్టవలెను. తొలి కిరీటధారికి ముగ్గురు కుమారులు వరుసగా రాజులైరి. రాదొస్లావ్‌ను ప్రభువులు దింపి తమ్ముడైన వ్లాదిస్లావ్‌ను నిలిపిరి. 1243లో వ్లాదిస్లావ్‌ను దింపి అతని తమ్ముడు ఊరోష్ వచ్చెను. ఈ ఊరోష్ సమర్థుడు. జర్మను దేశపు గనిపనివారిని రప్పించి వెండిగనులు త్రవ్వించినవాడు. తరువాతి మఠములు, సైన్యములు, పెండ్లిండ్లు అన్నియు ఆ వెండితో జరిగినవే. 1276లో ఆయనను పెద్దకుమారుడు ద్రాగుతిన్, అత్తవారైన హంగెరీవారి సైన్యముతో వచ్చి, గాత్స్కొ యొద్ద ఓడించి దింపెను. ద్రాగుతిన్ 1282లో గుఱ్ఱముమీదినుండి పడి కాలు విరుగగా తమ్ముడు మిలుతిన్‌కు సింహాసనము నిచ్చెను. తండ్రికి చేసిన ద్రోహమునకు ఇది దైవదండన యని ద్రాగుతినే అనుకొన్నాడని గ్రంథస్థము.

ఇన్ని మార్పులలో తండ్రినుండి కొడుకునకు సుఖముగా నడచిన సంక్రమణ మెన్ని? వ్రేళ్లపై లెక్కింపబోయినచో ఒక వ్రేలైనను పూర్తిగా మడువబడదు. అయినను గోడమీది తీగె అబద్ధమాడుట లేదు. ఎట్లనగా, నడిమి కాండము అప్పటి రాజుయొక్క తండ్రి, తాత, ముత్తాతలతో నిండియుండును. దిగిపోయిన పెదతండ్రులు, పినతండ్రులు ప్రక్కకొమ్మలకు తమంతట తామే తప్పుకొందురు. రాజు చేసిన పనియెల్ల కాండము నెచ్చటనుండి చూడవలెనో నిర్ణయించుటయే. కొననుండి వెనుకకు చూచినచో ఏ వంశమైనను తిన్ననిదే.

తీగెలో కనుపట్టనివారు తల్లులు. తొలి కిరీటధారి రెండవ భార్య అన్నా, వెనిస్ నగరాధిపతి ఎన్రికో దాందొలో మనుమరాలు. ఆమె కుమారుడు ఊరోష్ సొపొచానీ దేవాలయమున ఆమె మరణదృశ్యమును కన్యమరియ నిర్యాణచిత్రమువలె వ్రాయించినాడు. ఇట్టి గౌరవము అరుదు. మిలుతిన్ విషయమున సంగతి తారుమారు. ఆయన భార్యలు ఎందరో, ఏ వరుసలో వచ్చిరో బైజాంటియము చరిత్రకారులే ఏకీభవింపలేదు. చివరి వివాహము మాత్రము అందరికిని తెలిసినది. 1299లో నలుబదియేండ్లు దాటిన మిలుతిన్‌కు చక్రవర్తి రెండవ ఆండ్రోనికస్ తన కుమార్తె సిమొనిదాను ఇచ్చినాడు. ఆమెకు అప్పుడు అయిదేండ్లు. సరిహద్దులో శాంతికొరకు చెల్లించిన వెల అది. గ్రచానిత్సాలో ఆమె చిత్రము నేటికిని ఉన్నది, కన్నులు చెక్కివేయబడినవి. ఈ మిలుతిన్ వెనిస్ నాణెములను పోలిన నాణెములు ముద్రించి, ఆ కారణముచేతనే దాంతే మహాకవి ‘పరదీసో’ కావ్యమున నిందకు పాత్రుడైనాడు. పలు దేవాలయములు కట్టించి అదే సమయమున సాధువుగా పూజలందుకొన్నాడు. మనుష్యు డొక్కడే.

తల్లుల వరుస తెలియకపోవుట పండితుల చర్చకు మాత్రమే చెందినది కాదు. మిలుతిన్ కుమారులలో స్టెఫాన్, కొన్‌స్టాంటిన్ అను ఇద్దరిలో రాజ్యార్హత ఎవరిదని తేల్చుటకు తల్లి యెవరన్నది ముఖ్యము. ఆ ప్రశ్నయే రక్తము చిందించినది.

1314లో స్టెఫాన్ తండ్రిపై తిరుగబడి ఓడినాడు. మిలుతిన్ కుమారుని కన్నులు పొడిపింప ఆజ్ఞాపించి, కాన్‌స్టాంటినోపుల్‌కు పంపివేసెను. బైజాంటియము సంప్రదాయమున అంధుడు రాజు కాజాలడు. కావున చంపుటకు మారుగా కన్నులు తీయుట వాడుక, దానిని వారు దయ యనిరి. చిన్నవాడైన దుషాన్ తండ్రి వెంట ప్రవాసమునకు పోయినాడు. కట్టు కట్టిన కన్నులతో నున్న తండ్రిని చూచుచు ఆ పిల్లవాడు పెరిగినాడు. కొన్నియేండ్లకు మిలుతిన్ క్షమించి పిలిపించెను. 1321 అక్టోబరులో మిలుతిన్ మరణించెను. అంతట స్టెఫాన్ కట్టు విప్పివేసి, తనకు చూపు వచ్చినదని లోకమునకు చెప్పెను! సెయింట్ నికొలస్ స్వప్నమున కనిపించి తన కన్నులు తనకు తెచ్చి యిచ్చినాడని భక్తుల కథ. కన్నులు పొడిచినవారు పని పూర్తిగా చేయలేదని, ఆ రహస్యమును ఆయన ఏండ్లతరబడి దాచుకొన్నాడని చరిత్రకారుల తీర్పు. మేము రెండవదానినే నమ్ముచున్నాము. వెలుతురు కనబడుచునే గ్రుడ్డివానివలె గోడ తడుముకొనుచు నడచిన మనుష్యుని ఓర్పు, కథలోని అద్భుతమునకు తీసిపోదు.

1322 జనవరిలో స్టెఫాన్ పట్టాభిషిక్తుడైనాడు, దుషాన్ యువరాజైనాడు. సవతిసోదరుడు కొన్‌స్టాంటిన్ యుద్ధమున ఓడి ప్రాణము కోల్పోయెను. 1330 జూలైలో వెల్‌బుజ్‌ద్ యొద్ద బల్గేరియా రాజు మిఖాయిల్ షిష్మన్‌పై గొప్ప విజయము లభించినది. రణమున ముందునిలిచినవాడు యువకుడైన దుషాన్. అంతకు మూడేండ్ల ముందుగానే స్టెఫాన్ తన సమాధికొరకు దెచానీ దేవాలయమును కట్టింప మొదలిడెను. ఆ మఠముచేతనే ఆయనను చరిత్ర స్టెఫాన్ దెచాన్‌స్కి అని పిలుచును. దేవాలయము పూర్తికాకముందే, 1331లో, దుషాన్ ప్రభువుల ప్రోద్బలమున తండ్రిపై దండెత్తి పట్టుకొని జ్వెచాన్ కోటలో బంధించెను. ఆ నవంబరులోనే దెచాన్‌స్కి కోటలో మరణించెను.

ఎట్లు మరణించెను? దుషాన్ కాలమున ఆర్చిబిషప్ దానిలో రాజచరిత్రలను కొనసాగించిన రచయిత కుమారుని పక్షమున వ్రాసినాడు. 15వ శతాబ్ది ఆరంభమున ఆ దెచానీ మఠమునకే అధిపతిగా నున్న గ్రిగరీ త్సంబ్లాక్, గొంతు నులిమి చంపిరనియు, అది కుమారుని ఆజ్ఞయేననియు వ్రాసెను. అప్పటికి దుషాన్ లేడు, దుషాన్ వంశము లేదు; వ్రాయుటకు భయము లేదు. మునుపటివానికి భయము, వెనుకటివానికి దూరము, రెండును లోపములే. కాని నులిమి చంపిరను మాటనే పలువురు చరిత్రకారు లంగీకరించిరి.

ఇక మరల ఆ గోడయొద్దకు రండు. తండ్రి మొదలిడిన దేవాలయమును పూర్తిచేయించినవాడు దుషాన్. కోటోర్ నగరమునుండి వచ్చిన వీతా అను ఫ్రాన్సిస్కన్ సన్యాసి ఎనిమిదేండ్లలో దీనిని కట్టెననియు, 1335లో ముగిసెననియు దక్షిణద్వారముపై శాసన మున్నది. అందు తండ్రి పేరు, కొడుకు పేరు ఒకేచోట గౌరవపూర్వకముగా చెక్కబడినవి. 1346 ఏప్రిల్‌లో స్కోప్యెలో దుషాన్ చక్రవర్తిగా కిరీటము ధరించెను. ఇంచుమించు ఆ కాలముననే లోపల లోజా చిత్రింపబడినది. కొనకొమ్మన దుషాన్; ఆయన పాదముల క్రింద, కాండమున, తాను దింపిన తండ్రి. ఆ తండ్రి క్రింద, ఆయన కన్నులు పొడిపించిన మిలుతిన్. మిలుతిన్ క్రింద, పెద్దకొడుకు దింపివేసిన ఊరోష్. అందరి ముఖములును ప్రశాంతముగా ఉన్నవి. అందరికిని శిరస్సు వెనుక తేజోమండలము కలదు. దెచాన్‌స్కి భౌతికకాయము ఆ దేవాలయముననే ఉన్నది. జనులు సాధువని మ్రొక్కుదురు. చంపినవానికి చచ్చినవాడే అధికారపత్రము. తండ్రి లేనిదే కొడుకునకు తీగెలో చోటు లేదు గదా!

దుషాన్ 1349లో గొప్ప ధర్మశాసనమును ప్రకటించెను, గ్రీకుదేశపు నడిమివరకు రాజ్యమును విస్తరించెను, 1355లో మరణించెను. కుమారుడు అయిదవ ఊరోష్ దుర్బలుడు. 1371 సెప్టెంబరులో మరిత్సా నదియొద్ద సెర్బు ప్రభువులు తురుష్కులచేత ఓడిరి. ఆ డిసెంబరులో సంతానము లేక ఊరోష్ మరణించెను. కాండము అక్కడ తెగినది.

తెగినవెంటనే తీగె చివరలను పట్టుకొనుటకు చేతులు చాచినవారు వచ్చిరి. బోస్నియా ప్రభువు త్వర్త్కో, తన తండ్రితల్లి ద్రాగుతిన్ కుమార్తె యన్న ఆధారమున, 1377లో సెర్బులకును బోస్నియాకును రాజునని కిరీటము ధరించెను. లాజార్ ప్రభువు భార్య మిలిత్సా, ఆనాడు రాజ్యము దక్కని పెద్దకొడుకు వూకాన్ శాఖలోని ఆడుబిడ్డ. గోడమీద చోటు దొరకని స్త్రీలే తుదకు హక్కుపత్రములైరి. లిసీనియస్ కథయు ఆ రోజులలో పుట్టి పెరిగినదే; అసలు చెట్టు నిలిచియున్నప్పుడు దానికి అంత లోతైన వేరుతో పని లేకపోయెను.

ఒక్క ప్రక్కకొమ్మ ఇంకను మిగిలినది. దెచాన్‌స్కి రెండవ భార్య కుమారుడైన సిమియోన్, దుషాన్‌కు సవతితమ్ముడు, గ్రీకుదేశమున తెస్సలీ ప్రాంతమున ఏలుచుండెను. ఆయన తరువాత కుమారుడు యొవాన్ ఊరోష్ కొలదికాలము పాలించి, రాజ్యమును విడిచి, యొఆసాఫ్ అను పేరుతో సన్యసించెను. తెస్సలీ మైదానమున నింగి నంటు రాతిస్తంభములమీద వెలసిన మెతెయొరా మఠములలో పెద్దదానిని విస్తరింపజేసినవారిలో ఆయన ఒకరు. ఏలినవారిలో చివరి నెమాన్యిచ్ 15వ శతాబ్ది తొలిపాదమున ఆ శిలాశిఖరముమీద, ఒక సామాన్య సన్యాసివలె, కన్నుమూసెను.